సన్యాసాచారి కూర్చున్న తీరు

ఆఫీసులో కుర్చీ విరిగితే ఎవరూ ఏడవరు. ముందు దాన్ని గోడవారకు నెడతారు, తరవాత మెట్ల కింద గదిలో పడేస్తారు, ఆ గది నిండాక లారీకెత్తించి ఊరవతల పారబోస్తారు. కాళ్ళు ఇనుము, చక్రాలు ప్లాస్టిక్, కూర్చునే చోట స్పాంజి, వీపు ఆనించే పలకేమో జిగురుతో అదిమిన రంపపు పొట్టు. ఒకదాన్నుంచి ఒకటి ఊడదీయడం ఎవరి తరమూ కాదు గనక మొత్తం చెత్తే. మట్టిలో కలవదు, కాలిస్తే పొగంతా విషం. అయినా ఐదేళ్ళకోసారి రంగు వెలిసిందనో, మేనేజరు మారాడనో కొత్తవి తెప్పిస్తూనే ఉంటారు. డాక్టర్ కామాక్షి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదంతా కాలికి బలపం కట్టుకుని ఇలాంటి గుట్టల చుట్టూ తిరిగి, పారేసిన కుర్చీలు లెక్కపెట్టింది. లక్షా పదకొండు వేల దగ్గర ఇక చాలనిపించి ఆపేసింది.

ఆమె పనిచేసే పరిశోధన కేంద్రం అనకాపల్లి శివార్లలో, ఒకప్పుడు బెల్లం గోదాముగా ఉన్న రేకుల షెడ్డులో ఉంది. అక్కడ చెరకు పిప్పికి కొదవ లేదు. పిప్పిని ఉడకబెట్టి అచ్చులో కూరి, ఒక జాతి పుట్టగొడుగు పోగుల్ని అందులో నాటితే, పన్నెండు రోజుల్లో ఆ తెల్లటి పోగులు పిప్పినంతా అల్లుకుని చెక్కంత గట్టిపడతాయి. ఇంతవరకూ చాలామందికి తెలిసిన విద్యే. మిగతావాళ్ళు ఆ తరవాత దాన్ని పొయ్యిలో పెట్టి పోగుల్ని చంపేస్తారు. కామాక్షి చంపలేదు. నీడన సగం ఆరబెట్టి నిద్రపుచ్చింది.

అక్కడుంది ఆమె కనిపెట్టిన సంగతి. మనిషి కూర్చున్నప్పుడు ఒంటి వేడికీ చెమట తడికీ ఆ పోగులు కాస్త మేలుకుంటాయి. బరువు పడ్డ చోట దట్టంగా అల్లుకుంటాయి, పడని చోట పలచబడతాయి. మూడు నెలలు తిరిగేసరికి కుర్చీ ఆ మనిషి వీపుకు అమరిపోతుంది. గీత పడితే దానంతటదే పూడుతుంది. ఆ మనిషి బదిలీ అయి మరొకరు వస్తే, మరో మూడు నెలల్లో వాళ్ళకు అమరుతుంది. ముప్ఫై ఏళ్ళ తరవాత ఇక చాలనుకున్న రోజున బెల్లం నీళ్ళతో తడిపి గోతిలో పూడిస్తే నలభై రోజుల్లో మట్టైపోతుంది. పారేసే పనే లేని కుర్చీ అన్నమాట.

ఈ సంగతి విని అందరికన్నా ముందు నవ్వినవాడు ఆమె తండ్రి సన్యాసాచారి. యాభై అయిదేళ్ళు వడ్రంగం చేసిన మనిషి. కూతురికి మధ్యాహ్నం క్యారేజీ పట్టుకొచ్చి, అచ్చుల్లో తెల్లగా పొంగుతున్న పలకల్ని వేలితో తట్టి చూసేవాడు.

"పుట్టగొడుగుల మీద కప్పలు కూకుంటాయి గానీ మనుసులు కూకుంటారేటే అమ్మీ?"

"నువ్వే కూర్చుని చూసి చెప్పు నాన్నా."

"నాను టేకు కుర్చీలోనే కూకోలేను. ఇందులో కూకుంటానా?"

ఆ మాట నిజమే. చిత్రిక పట్టీ పట్టీ ఆయన కుడి భుజం నాలుగు వేళ్ళు కిందికి దిగిపోయింది. వెన్ను ఎడమకు మెలిపడింది, తల ఎప్పుడూ ఎడమ వైపుకే ఒరిగి ఉండేది. ఊళ్ళో సగం కుర్చీలు ఆయన చేసినవే. వాటిలో దేంట్లోనూ ఆయన పావుగంట కూర్చోలేడు. మూలుగుతూ లేచి నిలబడి గోడకు ఆనుకునేవాడు. కామాక్షి చిన్నప్పటి నుంచీ చూస్తున్న తండ్రి ఆ నిలబడ్డ తండ్రే.

ఏడో నమూనా కుర్చీని ఆయనకిచ్చి కూర్చోబెట్టింది. మొదటి నెల తిట్టాడు. రెండో నెల తిట్లు తగ్గాయి. మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె లోపలి గదిలోంచి వచ్చేసరికి ఆయన అందులో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ కుర్చీ ఆయన మెలిపడ్డ వీపును ఉన్నది ఉన్నట్టుగా మోస్తోంది. తండ్రి కూర్చుని నిద్రపోవడం కామాక్షి నలభై ఏళ్ళలో అదే మొదటిసారి చూడటం. సంతోషం పట్టలేక అక్కడే నిలబడి ఏడ్చింది.

ఆ కుర్చీ ఇంటికి వచ్చేసింది. తరవాత రెండేళ్ళూ ఆయన పొద్దున కాఫీ మొదలు సాయంత్రం దీపం పెట్టేదాకా అందులోనే. తల్లి పైడమ్మ ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని కూరలు తరిగేది, బియ్యంలో రాళ్ళు ఏరేది. ఆషాఢంలో ఒక పగటి పూట మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, ఆ కుర్చీలోనే ఆయన ప్రాణం విడిచాడు.

ఆయన పోయిన నెలకు కొత్త చట్టం వచ్చింది. ఆఫీసులు కొనే సామాను మట్టిలో కలిసేదై ఉండాలి, లేదా పాతికేళ్ళు మన్నేదై ఉండాలి. విశాఖపట్నంలో తొమ్మిదంతస్తుల బీమా ఆఫీసు ఒకటి మూడు వేల కుర్చీలు కావాలని కబురు పంపింది. కేంద్రంలో అందరూ ఎగిరి గంతేశారు. సరిగ్గా అప్పుడే పోగులు మొరాయించాయి. ఫ్రిజ్‌లో గాజు గొట్టాల్లో దాచిన మూల జాతిని పదే పదే పెంచడంతో దాని సత్తువ అయిపోయింది. అచ్చులో పెడితే ఇరవై రోజులైనా అల్లుకోవడం లేదు, తీస్తే పొడిపొడిగా రాలిపోతోంది.

"పోగులు ముసిలైపోనాయి మేడం," అన్నాడు ప్రభుదాసు. ఇరవై ఏళ్ళుగా లాబ్‌లో పనిచేస్తున్న టెక్నీషియన్ అతను. "ఇంక వీటిని నమ్ముకోడం దండగ."

కామాక్షికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో వంటింటి గుమ్మంలో చతికిలబడి, తల్లి పాలు తోడుపెట్టడం చూస్తూ కూర్చుంది. పైడమ్మ ఒక గిన్నెలోని పెరుగు వాసన చూసి పక్కన పెట్టేసి, ఇంకో గిన్నెలోంచి తీసుకుంది.

"అదెందుకు వద్దు?"

"నీరు ఇడిసేసినాది. గట్టిగా తోడుకున్న గిన్నెలోంచి తీత్తేనే రేపు గట్టిగా తోడుకుంటాది. సదువుకున్నావు, ఇదీ తెల్దేటి?"

కామాక్షి లేచి ముందు గదిలోకి వెళ్ళింది. తండ్రి కుర్చీ వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. పెరిగిన కుర్చీలన్నింట్లోకీ అంత దట్టంగా, అంత ఆరోగ్యంగా అల్లుకున్నది అదొక్కటే. మూల జాతిని సీలు వేసిన గొట్టంలోంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ తీయకూడదని లాబ్ గోడ మీద ఉంది. అది రాసింది తనే. అయినా బ్లేడుతో కుర్చీ అడుగు నుంచి గోరంత ముక్క కోసి సీసాలో వేసుకుంది. పెరుగు తోడుపెట్టే ఇంట పుట్టిన బిడ్డ కాకపోతే ఆ పని చేసేది కాదేమో.

"ఆచారిగారి కుర్చీదా?" అన్నాడు ప్రభుదాసు మర్నాడు సీసా చూసి. "ఐతే ఇంక తిరుగునేదు."

పన్నెండు రోజుల్లో కావలసిన పలక తొమ్మిది రోజుల్లో అయింది. ఒక్కటీ రాల్లేదు, ఒక్కటీ పగల్లేదు. మూడు వేల కుర్చీలూ గడువుకు పది రోజుల ముందే లారీలెక్కాయి. నాన్నే దగ్గరుండి చేయిస్తున్నాడని కామాక్షి లోలోపల మురిసిపోయింది.

*

పది నెలల తరవాత బీమా ఆఫీసు నుంచి నస్రీన్ అనే ఉద్యోగిని ఫోన్ చేసింది.

"మేడమ్, ఏమనుకోకండి. కుర్చీలు చాలా సుఖంగా ఉన్నాయి. అందులోంచి లేచాకే బాధ. నాకే అనుకున్నాను, మా ఫ్లోర్‌లో అందరికీ ఉంది. టైలరు దగ్గర కుడి భుజం కొలత తేడా వస్తోంది. మీరొకసారి వచ్చి చూస్తారా?"

కామాక్షి మర్నాడే వెళ్ళింది. లిఫ్టు ఐదో అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకునే చోటు నుంచి ఆ హాలు వెనక భాగం కనిపిస్తుంది. మూడు వందలమంది ఆమెకు వీపు పెట్టి పనిచేసుకుంటున్నారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, బక్కవాళ్ళు, లావుపాటివాళ్ళు. అందరి కుడి భుజమూ నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉంది. అందరి తలా ఎడమకు ఒరిగి ఉంది.

సిగ్గు విడిచి చెప్పుకోవాలంటే, ఆమెకు ముందు కలిగింది సంతోషం. నాన్న కనిపించాడు. పోయిన మనిషి వరస వరసలో, ప్రతి బల్ల ముందూ కూర్చుని ఉన్నాడు. పిలుద్దామని నోరు తెరవబోయింది కూడా. అప్పుడు ముందు వరసలోంచి నస్రీన్ లేచి ఇటు తిరిగింది. ముప్ఫై నాలుగేళ్ళ పిల్ల, నడుం పట్టుకుని, ఒక వైపుకు వంగి నడుస్తూ వచ్చింది. కామాక్షి ఎదురెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

రెండు కుర్చీలు తెచ్చి నిలువునా కోసి చూసింది. రెంటిలోనూ దట్టమైన పోగులు ఒకే దారిన నడిచాయి. తండ్రి వీపు ఎక్కడ ఆనేదో అక్కడే. ఇంకో కుర్చీ మీద ఒంటి వేడికి కాచిన తడి ఇసుక బస్తాలు రెండో వైపున వేసి ఆరు వారాలు ఆగింది. కుర్చీ కాస్తయినా కదల్లేదు. రెండేళ్ళు ఒకే మనిషిని మోసిన పోగులకు ఇంకో మనిషిని నేర్చుకునే గుణం పోయింది. ఆ ముక్క నుంచి పుట్టినవన్నీ అలాగే పుట్టాయి. మనిషికి లొంగాల్సిన కుర్చీ మనిషిని లొంగదీసుకుంది. అదీ మెత్తగా, నొప్పి తెలియకుండా, రోజుకు తొమ్మిది గంటల చొప్పున.

ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు చూసి, "ఇంకా కండరాల్లోనే ఉంది. ఇప్పుడు మానేస్తే ఆరు నెలల్లో చాలామంది సర్దుకుంటారు. ఇంకో ఏడాది ఇలాగే కూర్చుంటే నేను చెప్పలేను," అన్నాడు. "ఒక్కాయన విషయంలో మాత్రం ఆలస్యమైంది." ఆయన పేరు వెంకటరమణమూర్తి. యాభై ఏడేళ్ళు. ఎముకలు ముందే గుల్లబారి ఉండటంతో వెన్ను ఆ మెలికలోనే బిగిసిపోయింది.

కేంద్రం డైరెక్టరు శేషగిరి ఆ కాగితాలు చదివి బల్ల మీద పెట్టాడు. "పైన స్పాంజి దిండ్లు వేయిద్దామా? కొత్త జాతి తయారయ్యేదాకా."

"స్పాంజి వద్దనే కదండీ ఇదంతా మొదలుపెట్టాం."

"మూడు వేలూ ఒక్కసారి వెనక్కి తెప్పిస్తే మన పని అయిపోయినట్టేనమ్మా. ఇంకెవరూ మనల్ని నమ్మరు."

"నమ్మి కూర్చున్నవాళ్ళ వెన్నులు వంగాయండీ. నా చేతులతో రాసి సంతకం పెడతాను. తప్పు నాదని రాస్తాను."

రాసింది. కుర్చీలు వెనక్కి వచ్చాయి. చెరకు తోటల పక్కన పొడుగాటి గోతులు తీయించి, బెల్లం నీళ్ళు చల్లి, మూడు వేలూ పూడ్చారు. ఆఫీసువాళ్ళు మెట్ల కింద మిగిలిన పాత ప్లాస్టిక్ కుర్చీలు దులిపి వేసుకున్నారు.

*

చింతపల్లి అడవుల్లో పడిపోయిన మాను మీది నుంచి కొత్త జాతిని ప్రభుదాసే వెతికి తెచ్చాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. మొదటి పలక బాగుంది, రెండోదీ బాగుంది. మూడో దాన్ని కోసి చూస్తే పాత పోగుల దారి కనిపించింది. కుడికి దిగి, ఎడమకు మెలి తిరిగి. గదులు కడిగారు, అచ్చులు ఉడకబెట్టారు. అయినా మళ్ళీ వచ్చింది.

ప్రభుదాసు వారం రోజులు అందరి చేతులూ, బట్టలూ పళ్ళేలకు అద్ది పరీక్షలు చేశాడు. చివరికి ఒక గాజు పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. దాని నిండా తెల్లటి పోగులు.

"ఇది మీ చీర కొంగు అద్దిన పళ్ళెం మేడం. బయటోల్లెవరూ తేవట్లేదు. మీతోనే వత్తన్నాది."

కామాక్షికి వెంటనే అర్థమైంది. తండ్రి పోయిన రోజు నుంచీ, పొద్దున్నే లాబ్‌కు బయల్దేరే ముందు తడిగుడ్డతో ఆయన కుర్చీ తుడవడం ఆమెకు పూజలాంటి అలవాటు. ఆ కుర్చీ ఇంట్లో బతికి ఉన్నన్నాళ్ళూ ఆమె చేతుల మీదుగా ఇంకో కుర్చీ శుభ్రంగా పుట్టదు. తుడవడం మానేసినా లాభం లేదు. ఇల్లంతా ఆ పోగులే.

ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. వీధి తలుపు తీసే ఉంది. పెరట్లోంచి తల్లి బిందె పట్టుకుని వస్తోంది. వెలుగు ఆమె వెనక నుంచి పడుతోంది గనక ముఖం కనిపించలేదు. దిగిన కుడి భుజం, ఒరిగిన తల మాత్రం కనిపించాయి.

"అమ్మా, నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటున్నావా?"

పైడమ్మ బిందె దించి తడి చేతులు తుడుచుకుంది. దొంగతనం బయటపడినట్టు ముఖం చిన్నబుచ్చుకుంది.

"నువ్వెల్లినాక కూకుంటాను. నువ్వొచ్చే ఏలకి లెగిసిపోతాను."

"ఏడాదిన్నర నుంచీనా? నొప్పి లేదూ?"

"ఉన్నాది. ఉంటే ఏటి?" పైడమ్మ కుర్చీ వైపు చూసింది. "అందులో ఎనక్కి ఆనుకుంటే ఆయన ఈపు నా ఈపుకి తగులుతాదే అమ్మీ. బతికున్నప్పుడు ఏనాడేనా అంతసేపు నా దగ్గర కూకున్నాడా?"

కామాక్షి విషయమంతా చెప్పింది. చీర కొంగు సంగతి, నస్రీన్ సంగతి. ఇంకో ఏడాదైతే తల్లి వెన్ను కూడా తిరిగిరాదని చెప్పింది.

"తిరిగొచ్చి నాను ఏ ఊరేలాల?" అంది పైడమ్మ. "ఆ ఆఫీసోల్ల కుర్చీలన్నీ పూడ్సీసినావు. ఇదొక్కటీ నాకొగ్గీ."

తండ్రిని రెండోసారి సాగనంపమని తల్లిని ఎలా అడగాలో కామాక్షికి తెలియలేదు. నిజానికి ఆమెకూ మనసు రాలేదు. లాబ్‌కు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. తాను వెళ్ళకపోతే పలకలు శుభ్రంగా పెరుగుతాయి కదా, ఉద్యోగం మానేస్తే పీడా పోతుంది కదా అని కూడా ఆలోచించింది. పెంచే కిటుకు పూర్తిగా తెలిసింది ఆమెకొక్కదానికే అన్న సంగతి పక్కన పెడితే ఆ ఆలోచన బాగానే ఉంది. పక్కన పెట్టడం కుదరలేదు.

ఎనిమిదో రోజు పది గంటలకు ఎవరో తలుపు తట్టారు. పైడమ్మ వెళ్ళి తీసింది. తీసి, "ఓలమ్మో" అని ఒక్క కేక వేసి గోడకు జారగిలబడింది. కామాక్షి పరుగున వచ్చింది.

గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ముఖం ఎవరిదో. నిలబడ్డ తీరు మాత్రం అచ్చం సన్యాసాచారిది.

"నా పేరు వెంకటరమణమూర్తి అండి. బీమా ఆఫీసు. పోట్లాడ్డానికి రాలేదు, భయపడకండి." ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కుర్చీ కనిపించగానే ఆగాడు. "ఇదేనా?"

ఆయన దాని చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. ముట్టుకోలేదు.

"ఎవరి వీపు నాకొచ్చిందో తెలుసుకుందామని వచ్చానండీ. ఎవరో వడ్రంగి అని మీరు రాసిన కాగితంలో ఉందట. మంచివాడేనా?"

"మంచోడే బాబూ," అంది పైడమ్మ. "నోరు మాత్రం పెద్దది."

ఆయన కొంచెం నవ్వాడు. "నొప్పిదేముందమ్మా, మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. మొన్న బడి దగ్గరికి మా మనవరాలిని తీసుకురావడానికి వెళ్ళాను. గేటుకు వీపు పెట్టి నిలబడ్డాను. ఆ పిల్ల నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. పిలిస్తే వెనక్కి తిరిగి, 'తాతయ్యా, నువ్వనుకోలేదు, ఇంకెవరో అనుకున్నాను' అంది. నాకు అప్పటి నుంచీ నిద్ర లేదు. నా ఒంట్లో నేను ఎక్కడున్నానో నాకే తెలియడం లేదు."

కామాక్షి ఆయన కాళ్ళ మీద పడబోయింది. ఆయన వారించాడు. పైడమ్మ ఇచ్చిన కాఫీ నిలబడే తాగాడు. కూర్చోమంటే, ఎందులోనూ కూర్చోలేకపోతున్నానని చెప్పి గోడకు ఆనుకున్నాడు. తాగేసి, గ్లాసు చేతికిచ్చి, వెళ్ళొస్తానని వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా పైడమ్మ ఆయన వీపు వైపే చూస్తూ నిలబడింది.

ఆ పూట ఆమె పొయ్యి వెలిగించలేదు. కుర్చీకి ఎదురుగా నేల మీద కూర్చుని ఉండిపోయింది. తనలో తను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"మీ నాన్న ఎవురికి కుర్చీ సేసినా ముందు ఆల్లని కూకోబెట్టి దారంతో కొలిసీవోడు. మోకాలికాడ, నడుంకాడ, మెడకాడ. మనిసికి సరిపోని కుర్చీ సెయ్యడం పాపమని అనీవోడు. కలెక్టరుకి కొలిసినాడు, కోమటి శెట్టికి కొలిసినాడు. నన్ను ఏనాడూ కొలవనేదు. నాను కిందన కూకునేదాన్ని గదా."

కామాక్షి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"ఆయన పోనాక కుర్చీ ఎక్కినాను. ఎక్కినా ఆయన కొలతే నాకు. నానైతే ఇష్టమై పెట్టుకున్నాను. ఆ బాబు ఏటి సేసినాడే?" పైడమ్మ ముక్కు చీదుకుంది. "మీ నాన్న సూత్తే ఆయనే గొడ్డలట్టుకునీవోడు దీని మీదికి. రేపు ఎల్దాం. బెల్లం నీల్లు నానే కలుపుతాను."

మర్నాడు పొద్దున ప్రభుదాసు గోయి తీయించి ఉంచాడు. కుర్చీని దించారు. పైడమ్మ బెల్లం నీళ్ళు చివరి చుక్కదాకా పోసింది. కామాక్షికే చూడలేక కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది. తల్లి మట్టి వెయ్యమంటేనే కళ్ళు తెరిచి పార అందుకుంది. నాన్న పోయిన రోజు పెద్దకొడుకులా అందరికీ ధైర్యం చెప్పిన కామాక్షి ఆ రోజు గోతి గట్టున కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంటికి సున్నం కొట్టించారు. పాత చీరలన్నీ ఉడకబెట్టారు. కొత్త జాతి నుంచి శుభ్రమైన పలకలు రావడానికి మరో ఐదు నెలలు పట్టింది. ఈసారి ప్రతి కుర్చీనీ పంపే ముందు పదిమంది పది రకాల మనుషుల్ని వంతులవారీగా కూర్చోబెట్టాలని కామాక్షి నియమం పెట్టింది. నస్రీన్ వెన్ను నిటారైంది. చాలామందివి అయ్యాయి. వెంకటరమణమూర్తిది కాలేదు, కాదు కూడా. ఆయన పేరు కామాక్షి రోజూ తలుచుకుంటుంది.

మొదటి కుర్చీని ఆమె తల్లి కోసం ఇంటికి తెచ్చింది. ఏ గుర్తూ లేని, చదునైన, తెల్లటి కుర్చీ. ముందు గదిలో కిటికీ పక్కన వేసింది.

పైడమ్మ కొంగు సర్దుకుని, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు అంచు మీద కూర్చుంది. అలవాటుగా కుడి భుజం దించబోయింది. అక్కడ పట్టేది ఏమీ లేక ఒరిగిపోయి, చేత్తో నిలదొక్కుకుంది.

"ఎలా కూకోవాలే?"

"నీకెలా బాగుంటే అలాగమ్మా."

"నాకెలా బాగుంటాదో నాకేటి తెలుసు? ఎవురడిగినారని?"

పైడమ్మ నెమ్మదిగా వెనక్కి ఆనుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఎవురూ నేరు ఇందులో."

"లేరమ్మా."

పైడమ్మ ఏడ్చింది. చప్పుడు లేకుండా, చాలాసేపు ఏడ్చింది. ఆ తరవాత కళ్ళు తుడుచుకుని, అటు కదిలి ఇటు కదిలి, కాళ్ళు రెండూ పైకి లాక్కుని, కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.